బేగయిమ్ తొందర

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే బేగయిమ్ కాగితాల సంచీ చంకన పెట్టుకుని నా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. నమస్కారం లేదు, కుశలం లేదు. బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టి, పక్కన పెన్ను కూడా పెట్టింది.

"సిఫార్సు ఉత్తరం రాయండక్కా. ఈ నెల ఇరవై ఆఖరు తేదీ."

"దేనికే?"

"నరీన్‌లో ఫెల్డ్‌షర్ చదువుకి. తొమ్మిదితోనే తీసుకుంటారు. మీరు రాస్తే మాట్లాడకుండా తీసుకుంటారట."

ఫెల్డ్‌షర్ అంటే నేను. డాక్టరు లేని చోట డాక్టరు పని చేసే మనిషిని. మా ఊరు కరాజర్‌కి డాక్టరు కావాలంటే కనుమ దాటి తొంభై కిలోమీటర్లు పోవాలి. చలికాలంలో కనుమ మూసుకుంటే అదీ లేదు. అందుకని ఈ ఊళ్ళో జ్వరాలు, కాన్పులు, గుర్రం తన్నిన పక్కటెముకలు ముప్పై ఏళ్ళ పైనుంచి నా నెత్తినే ఉన్నాయి. నా పేరు సయ్‌రా. నా మనవల ఈడు వాళ్ళు కూడా నన్ను అక్కా అనే పిలుస్తారు. ఊరందరికీ ఒకే అక్క ఉంటే సుఖమని కాబోలు.

బేగయిమ్ సంగతి వేరే చెప్పాలి. పదిహేనేళ్ళ పిల్ల. ఒక చోట కాలు నిలవదు. పన్నెండో ఏట నా దగ్గర బీపీ చూడటం నేర్చుకుని వీధి వీధంతా చూసి పడేసింది. వాళ్ళ లెక్కల మాస్టారికి ఉప్పు టీ మానెయ్యమని చెప్పి, ఆయనతో వారం రోజులు మాటలు లేకుండా చేసుకుంది. ఆ మర్నాడు ఆయనే చాటుగా నా దగ్గరికొచ్చి, "పిల్ల చెప్పింది నిజమేనా?" అని అడిగాడు. నిజమే మరి.

"పదకొండు దాకా చదువు. తర్వాత బిష్కెక్ పోయి డాక్టరు చదువు చదువు," అన్నాను.

"ఎన్నేళ్ళు?"

"బడి రెండు. అక్కడ ఆరు. ఆ పైన ఇంకో మూడు అనుకో. పదకొండు."

"బాబోయ్! అప్పటికి ముసలిదాన్నైపోతా."

"ఇరవయ్యారుకి ముసలిదానివైతే నేనేమైనట్టే? పాతిపెట్టాల్సిన దాన్నా?"

నవ్వలేదు. వేళ్ళు మడిచి లెక్క చెప్పడం మొదలుపెట్టింది. "మీకు పింఛను యాభై ఎనిమిదికి. అంటే ఇంకా నాలుగేళ్ళు. నా చదువు మూడేళ్ళ పది నెలలు. ఇంకా రెండు నెలలు మిగుల్తాయి. ఆ రెండు నెలలూ మీ పక్కన ఉండి పని నేర్చుకుంటా. మీరు వెళ్ళిన రోజున ఈ గదికి తాళం పడకూడదక్కా. మీరు సెలవు మీద వెళ్ళిన ఆ చలికాలం మా అమ్మ కడుపునొప్పితో ఎలా మెలికలు తిరిగిందో నేను చూశాను. మీరు చూళ్ళేదు."

ఇది చదువు మీద తొందర కాదు, ఊరి మీద బెంగ. నిజం చెప్పాలంటే నాకు లోలోపల పొంగిపోయినట్టు కూడా అయింది. నా తర్వాత నా కుర్చీలో ఇలాంటి పిల్ల కూర్చుంటుందంటే ఎవరికి ఇష్టం ఉండదు? పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ ఏమనుకున్నానో, కింద పెట్టేశాను.

"ఆదివారం అసిల్‌కాన్ పెద్దమ్మ మనవడి తాడు కోసే పండగ ఉందిగా. అది అవనీ, చెప్తాను," అన్నాను.

పిల్లాడు అడుగులు వేయడం మొదలుపెడితే మావాళ్ళు వాడి రెండు కాళ్ళకీ కలిపి నలుపూ తెలుపూ కలిసిన ఉన్నితాడు కడతారు. పిల్లలంతా దూరం నుంచి పరుగెత్తుకొస్తారు. ముందు వచ్చినవాళ్ళు కత్తితో ఆ తాడు కోసి, వాడి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తారు. ఇక వాడు తడబడకుండా నడుస్తాడని నమ్మకం. నాలుగేళ్ళ నుంచి ఊళ్ళో ఏ పిల్లాడి తాడైనా బేగయిమే కోస్తోంది. దాని కన్నా ముందు పరుగెత్తేవాళ్ళు లేరు.

ఆ ఆదివారం కూడా అదే ముందొచ్చింది. ఏటి ఒడ్డు పచ్చికలో పద్నాలుగు నెలల ఎల్దోస్ బుగ్గలు ఎర్రగా చేసుకుని, కొత్త టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బేగయిమ్ తాడు కోసి చెయ్యి అందించింది. వాడు ఊగుతూ తూగుతూ బయల్దేరాడు. జనం ఒకటే నవ్వు.

"ఒరేయ్, వీడికి కుమిస్ ఎవడ్రా తాగించింది?" అని అరిచాడు ఒక తాత. నిషా ఎక్కే గుర్రం పాల మజ్జిగ తాగినవాడి నడకలాగే ఉంది మరి. నేనూ నవ్వాను.

బేగయిమ్ నవ్వలేదు. వాణ్ణి మళ్ళీ వెనక్కి నడిపించింది. ఇంకోసారి ముందుకి. ఆ పైన వాణ్ణి తల్లికి అప్పగించి, బహుమతిగా ఇచ్చే తలగుడ్డ కూడా తీసుకోకుండా నా దగ్గరికొచ్చింది.

"అక్కా, వాడు ఎడమకాలు మోపినప్పుడల్లా ఎడమపక్కకే వాలుతున్నాడు. తడబాటైతే రెండు పక్కలా తడబడాలి కదా?"

"కొత్తగా నడిచేవాళ్ళంతా అంతేనే. పో, తలగుడ్డ తెచ్చుకో."

"ఒక్కసారి చూడండక్కా."

"పండగ పూట ఏంటే నీ గోల!"

"ఒక్కసారే."

వదిలేలా లేదని లేచాను. పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళి ఉన్ని పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిచాను. ఎడమ మోకాలు కుడిదానికంటే కిందికి ఉంది. తొడలు రెండు పక్కలకీ తెరిచాను. కుడిది పరుపుకి ఆనింది, ఎడమది సగంలో ఆగిపోయింది. తుంటి కీలు జారి ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది.

వాడి కార్డు నా దగ్గరే ఉంటుంది. నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి నా చేత్తోనే రాశాను, ఆరోగ్యంగా ఉన్నాడని. ఎలా రాశానో కూడా గుర్తుంది. నేను వెళ్ళిన ప్రతిసారీ వాడు బెషిక్‌లో ఉన్నాడు. మా చెక్క తొట్టి అది. భుజం నుంచి మడమ దాకా పట్టీలతో బిగించి, కాళ్ళు తిన్నగా చాపి పడుకోబెడతారు. "ఇప్పుడే నిద్రపోయాడమ్మాయ్, విప్పకు, లేచాడంటే సాయంత్రం దాకా ఒకటే రాగం," అనేది అసిల్‌కాన్ పెద్దమ్మ. ఈలోగా టీ వచ్చేది, నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెలు వచ్చేవి, మీగడ వచ్చేది. నేను దుప్పటి అంచు ఎత్తి మొహం చూసేదాన్ని. ఎర్రగా, బొద్దుగా ఉండేవాడు. ఇంకా ఆరిళ్ళు తిరగాలి. రాసేసి చేతులు దులుపుకునేదాన్ని. ఇలా ఎంతమందికి రాశానో!

"ఏమైందమ్మాయ్? మొహం అలా పెట్టావేం?" అంది పెద్దమ్మ.

కొందరు పుట్టుకతోనే ఇలా ఉంటారు అనొచ్చు. అందులో అబద్ధం లేదు. ఎవరూ నన్ను ఏమీ అనరు. గుమ్మం దగ్గర బేగయిమ్ నిలబడి నన్నే చూస్తోంది.

"పెద్దమ్మా, వీడి తుంటి కీలు జారింది. నెల పిల్లాడప్పుడే కనిపెట్టాల్సింది. నేను పట్టీలు విప్పి చూడలేదు. చూడకుండానే బాగున్నాడని రాశాను."

బయట పాటలు వినిపిస్తున్నాయి.

"విప్పొద్దన్నది నేనే కదే," అంది పెద్దమ్మ.

"మీరంటారు పెద్దమ్మా. వినకుండా ఉండాల్సింది నేను."

కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుని నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడే బిష్కెక్ బయల్దేరాం. పిల్లాడి తల్లీ తండ్రీ, నేను. బేగయిమ్ ఎవరూ పిలవకుండానే వ్యానెక్కి కూర్చుంది. దించడానికి ఎవరికీ ఓపిక లేదు. అక్కడి పిల్లల ఎముకల డాక్టరు నెరిసిన మీసాల మనిషి. ఎక్స్‌రే తీయించి కిటికీ వెలుగుకి పెట్టి చూశాడు. "ఆలస్యమైంది కానీ చెయ్యి దాటిపోలేదు. కోసి కీలు లోపల కూర్చోబెడతాను. కొన్ని నెలలు నడుము నుంచి కాళ్ళ దాకా పిండికట్టు. తర్వాత అందరిలాగే గంతులేస్తాడు," అన్నాడు. తల్లి అప్పటిదాకా బిగబట్టి, అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

నేను ఆవిణ్ణి పట్టుకుని ఉండగా బేగయిమ్ డాక్టరుని పట్టుకుంది. కీలు ఎక్కడికి జారింది, లోపల పెడితే మళ్ళీ ఎందుకు జారదు, గుంట లోతు లేకపోతే ఏం చేస్తారు, ఎముక కోస్తారా, కోస్తే మళ్ళీ పెరుగుతుందా. ఆయన మొదట ఒకటి రెండు మాటల్లో చెప్పాడు. తర్వాత కుర్చీ లాక్కుని కాగితం మీద బొమ్మ వేశాడు. ఆ పిల్ల మొహం చూశాను. ముప్పై ఏళ్ళలో ఇన్ని మొహాలు చూశాను కానీ, అంత ఆకలి ఏ మొహంలోనూ చూడలేదు.

"ఎన్నో తరగతి నువ్వు?" అన్నాడాయన.

"తొమ్మిదైంది. ఫెల్డ్‌షర్ చదువుకి పోతున్నా."

"మంచి పనే. ఇవాళ నువ్వు లేకపోతే వీడు నా దాకా వచ్చేవాడే కాదు," అని ఎక్స్‌రే బేగయిమ్ చేతికిచ్చి వేరే రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు. బేగయిమ్ ఆ ఎక్స్‌రేని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది.

వాళ్ళని ఆసుపత్రిలో ఉంచి తిరుగు బస్సెక్కాం. కనుమ ఎక్కేదాకా బేగయిమ్ నోరు విప్పలేదు. దాని చరిత్రలో అది రికార్డు.

"అక్కా, మీరు ఎనిమిదితోనే వెళ్ళారు కదా. బాధపడుతున్నారా?"

"పని గురించి కాదు. ఈ పని చేసినందుకు నాకు సంతోషమే. ఎల్దోస్ సంగతిలో కూడా చదువు తక్కువై కాదే నేను తప్పు చేసింది. పట్టీలు విప్పాలని నాకు తెలుసు. తెలిసీ తొందరపడ్డాను."

"మరి నన్ను పదకొండు దాకా ఎందుకు చదవమంటున్నారు?"

"ఆ డాక్టరు బొమ్మ గీస్తుంటే నీ మొహం చూశాను కాబట్టి. నువ్వు ఫెల్డ్‌షర్‌వైతే నాకంటే మంచి ఫెల్డ్‌షర్‌వవుతావు. అందులో అనుమానం లేదు. కానీ పిల్లాణ్ణి వ్యానెక్కించి పంపిన ప్రతిసారీ, ఆ తలుపు వెనక ఏం చేస్తారో అని నీ ప్రాణం కొట్టుకుంటుంది. నాకు కొట్టుకునేది. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. అలా అలవాటవడమే మంచిది కాదే తల్లీ."

అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "మరి ఊరు?" అంది.

ఇసిక్‌కుల్ సరస్సు ఒడ్డున మా చెల్లెలు, నేను పింఛను తర్వాత వచ్చి ఉండటానికి ఒక గది సున్నం కొట్టించి ఉంచింది. కిటికీ తెరిస్తే ఆపిల్ చెట్లు. నా మోకాళ్ళు ఈ కొండలెక్కి అరిగిపోయాయి. ఆ నాలుగేళ్ళని నేను కూడా వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంటున్నాను. పిల్లకి పదకొండేళ్ళు ఆగమని చెప్పడం ఎంత తేలిక! దాని బెంగ మోసే మనిషి ఎవరని అడిగితే మాత్రం నేను కిటికీలోంచి బయటికి చూడాలి.

రెండు వారాలు అదే ఆలోచన. ఎల్దోస్‌కి ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. వాళ్ళమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు. అది ఆమె ఇష్టం. ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఇప్పుడు టీ ముట్టుకోకుండా ముందు పట్టీలు విప్పుతున్నాను. అమ్మమ్మలు, నాయనమ్మలు నా మీద కారాలూ మిరియాలూ నూరుతున్నారు. నూరనీ.

పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం బేగయిమ్ మళ్ళీ సంచీతో వచ్చింది. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాను. "ఇది నీ సిఫార్సు ఉత్తరం. ఉన్నదున్నట్టు రాశాను. ఇదేమో నేను జిల్లా ఆరోగ్య శాఖకి రాసుకున్న అర్జీ. చదువుకో. రెంటిలో ఒకటి నువ్వే పోస్టులో వెయ్యి. ఏది వేసినా నాకు కోపం లేదు."

అర్జీ చదివింది. పింఛను వయసు దాటాక కూడా, నా తర్వాతి మనిషి వచ్చేదాకా ఇక్కడే పనిచేస్తానని అందులో ఉంది.

"అరవై అయిదు దాకానా?" అంది. గొంతు మారిపోయింది. "మీ మోకాళ్ళో?"

"డాక్టరమ్మవై వచ్చి చూద్దువుగానిలే."

"తప్పు చేశానని శిక్ష వేసుకుంటున్నారా?"

"శిక్షైతే ఇంత ఆలోచించేదాన్నా? ఆ రోజే రాసేసేదాన్ని. ఊరి బెంగ నీది కాదే. నీ వయసుకి అది బరువు. ఇలా తే, నేను మోస్తాను."

బేగయిమ్ కళ్ళు తుడుచుకుంది. వెంటనే కోపం తెచ్చుకుంది. "ఇదన్యాయం అక్కా! ఇలా చేస్తే నేనెలా కాదంటాను?"

"అనొచ్చు. అను."

అనలేదు. అర్జీ మడిచి సంచీలో పెట్టుకుని, పోస్టాఫీసు ఐదింటికి మూసేస్తారంటూ పరుగెత్తింది. వెనక్కి వచ్చేసరికి రొప్పుతోంది, చేతులు ఖాళీ. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం ఎవరి దగ్గర దొరుకుతుందని అడిగింది. లెక్కల మాస్టారి కూతుర్ని అడగమన్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ సిఫార్సు ఉత్తరం కూడా ఇచ్చెయ్యండి."

"అదెందుకే ఇంకా?"

"దాచుకుంటా. మీరు మధ్యలో మాట తప్పి సరస్సు ఒడ్డుకి పారిపోయారంటే, ఆ రోజే నరీన్ బస్సెక్కేస్తా."

సరస్సు సంగతి దీనికెవరు చెప్పారో నాకు తెలీదు. ఉత్తరం ఇచ్చేశాను.