కుర్చీతో పాటు నలుగురు

మా అల్లుడు నెలరోజులు హోటళ్లు వెతికాడు. పెళ్లికి ముందు పిల్లని కూడా అంత వెతికి ఉండడు. థీమ్ పార్కు గేటు పక్కనున్న హోటల్ ఖరీదు. బజార్లో ఉన్నది గోల. చివరికి మెట్టమీద ఒకటి కుదిరింది. పార్కుకి ఉచిత బస్సు ఉందట, నడిచినా దగ్గరేనట. కిటికీలోంచి పార్కు కనిపిస్తుందట. కిటికీలోంచి చందమామ కూడా కనిపిస్తుంది.

మా ఆవిడ పోయాక నన్ను ఎక్కడికీ రమ్మన్నవాళ్లు లేరు. అందుకే అమ్మాయి ఫోన్ చేసి, "ఎన్నాళ్లు ఒక్కడివే గోడలు చూస్తావు నాన్నా? మాతో రా. నువ్వు లేకపోతే మాకు సరదా ఉండదు" అంటే నమ్మాను. ఇస్త్రీ చొక్కాలు సర్దుకున్నాను.

హోటల్ గదిలో సైకిల్ తొక్కొచ్చు. బాత్‌రూమ్ చుట్టూ పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు.

"నా కోసమే ఇంత మంచి గది తీసుకున్నారా?" అన్నాను.

"మీ కోసమే మామయ్యా. నడవలేనివాళ్ల గది. అదే రేటుకి రెండింతలు పెద్దది," అన్నాడు అల్లుడు.

నడవలేనివాడు ఎవరని అడిగేలోపు సామాను సర్దడం మొదలైంది. పెద్ద మంచం వాళ్లిద్దరికీ. సోఫా పిల్లలిద్దరికీ. నడవలేనివాడికి మడత మంచం.

పొద్దున్న రిసెప్షన్ దగ్గర చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది.

"కూర్చోండి మామయ్యా."

"నాకేం రోగం?"

"రోగం కాదండీ. కుర్చీ ఉంటే క్యూ ఉండదు. కుర్చీతో పాటు నలుగుర్ని పక్క గేటులోంచి పంపిస్తారు. మనం సరిగ్గా నలుగురం!"

లెక్కల్లో అల్లుడు ఘటికుడు. నన్ను మనుషుల్లో కలపలేదు, కుర్చీలో కలిపాడు.

అమ్మాయి వైపు చూశాను. పిల్లవాడి బూటు లేసు కడుతోంది. అది కట్టే ఉంది.

"కూర్చో తాతయ్యా, టైమైపోతోంది!" అంది మనవరాలు. కూర్చున్నాను.

ఇక ఆ రోజంతా రాజభోగం. ఎండలో నిలబడ్డవాళ్లు మాకు దారి ఇచ్చారు. "పాపం, పెద్దాయనకి ఏమైందో," అంది ఒకావిడ. వెంటనే అల్లుడు నా నుదురు తుడిచాడు. కన్నతండ్రి నుదురు ఎప్పుడైనా తుడిచాడో లేదో. ప్రతి రైడు దగ్గరా నన్ను గోడవారన ఆపి, బ్రేకు వేసి, సంచులు ఒళ్లో పడేసి వాళ్లు వెళ్లారు. నేను లేకపోతే సరదా ఎందుకుండదో నాకు బాగా అర్థమైంది.

సాయంత్రం హోటల్ బస్సు వచ్చింది. కుర్చీని ఎక్కించే పలక చెడిపోయిందట.

"పెద్దాయన్ని కాస్త దింపండి సార్. రెండు మెట్లే," అన్నాడు డ్రైవరు.

"లేవండి మామయ్యా," అన్నాడు అల్లుడు గొంతు తగ్గించి.

"ఎలా లేస్తాను బాబూ? నడవలేనివాణ్ని కదా."

"అందరూ చూస్తున్నారండీ."

"అందుకే. ఇప్పుడు నడిస్తే నీ పరువేం కాను?"

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏంటయ్యా, ముసలాయన్ని అలా లాగుతావు!" అని బస్సులోంచి ఎవరో కసిరారు. చెయ్యి వదిలేశాడు. బస్సు వెళ్లిపోయింది.

హోటల్ దాకా అంతా ఎత్తు రోడ్డు. నడిచినా దగ్గరే అని రాసినవాడు కారులో వచ్చి ఉంటాడు. అల్లుడు తోశాడు. నేను మామూలుగానే బరువు. ఆ పూట ఇంకాస్త బరువుగా కూర్చున్నాను. సగం దారిలో అతను గట్టు మీద కూలబడ్డాడు.

"ఇక చాలించు నాన్నా. దిగు," అంది అమ్మాయి.

"మీ ఆయన తెలివికి కాస్త చెమట పట్టనీ."

"అమ్మ ఉంటే నిన్నిలా చెయ్యనిచ్చేదా?"

"మీ అమ్మ ఉంటే రెండు కుర్చీలు. ఎనిమిది మందిని తెచ్చేవాళ్లు."

అమ్మాయి నవ్వలేదు. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆయన్ని అనకు. కుర్చీ ఆలోచన నాది. ఆయన వద్దన్నాడు, నేనే ఒప్పించాను. నిన్ను పిలుద్దామని అనుకున్నది కూడా... ఆ తర్వాతే."

అల్లుడు తల వంచుకుని నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. రోజంతా అతన్ని తిట్టుకున్నాను. పరాయి పిల్లవాణ్ని తిట్టుకోవడంలో ఒక సుఖం ఉంది. అమ్మాయి అది కూడా మిగల్చలేదు.

"తప్పైపోయింది నాన్నా," అని చెయ్యి అందించింది.

ఆ చెయ్యి పట్టుకుని లేస్తే, సరేలే అన్నట్టు అవుతుంది.

"అల్లుడుగారూ, మీరు పిల్లల్ని తీసుకుని మెల్లగా రండి," అన్నాను. అతన్ని గారూ అనడం నాకు అలవాటు లేదు. పిల్లలూ, అతనూ నా మొహం చూశారు.

అమ్మాయికి కుర్చీ వెనక ఉన్న పిడులు చూపించాను.

"తొయ్యి."

తోసింది.