పంచ్ మీద నాలుగు గీతలు

అరకు బజారులో గడియారాలు బాగుచేసే లక్ష్మీప్రసాద్‌కు ఎవరిమీదా నమ్మకం కుదరదు. పాలవాడు క్యాను మూత తీయకముందే మూతి ముడుస్తాడు. ఎవరైనా శుభలేఖ ఇస్తే, ఆ రోజు నిజంగా ముహూర్తం ఉందో లేదో ముందు పంచాంగం తీసి చూస్తాడు. అత్తగారు పోయిందని ఫోను వస్తే "ఎవులు సూశారు?" అని అడిగిన ఘనుడు. ఆ మాట అని ఇరవై ఏళ్లయినా ఆయన భార్య రత్న మరిచిపోలేదు. సందు దొరికినప్పుడల్లా కూరలో పోపు వేసినట్టు వేస్తూనే ఉంటుంది.

ఈ గుణం సంసారానికి పనికిరాకపోయినా వృత్తికి పనికొచ్చింది. వాచీ రిపేరుకు వస్తే వెనక మూత విప్పి, లోపలివైపు సూదిమొనతో సన్నటి గీత ఒకటి గీస్తాడు. రెండోసారి వస్తే రెండో గీత. గడియారాలవాళ్లు చాలామంది చేసే పనే ఇది. మిగతావాళ్లు జ్ఞాపకం కోసం గీస్తారు, ప్రసాద్ మాత్రం అవతలివాడు మోసం చేస్తాడని గీస్తాడు. "నా మిషను మార్చేశావు" అని ఎవడైనా గొంతు లేపితే, మూత విప్పి, కంటి భూతద్దం వాడి చేతికిచ్చి, చూసుకోమంటాడు.

ఫోన్లు వచ్చాక చేతికి వాచీ కట్టేవాళ్లు తగ్గిపోయారు. బల్ల ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, ఎదురుగా ఉన్న లాడ్జి మేడమీద జుట్టు నాటే క్లినిక్ ఒకటి వెలిసింది. అరకులో జుట్టు క్లినిక్ ఏమిటని బజారంతా నవ్వింది గానీ, పెట్టినవాడు తెలివైనవాడే. బట్టతలవాళ్లు ఆఫీసులో సెలవు పెట్టి, కాఫీ తోటలు చూడ్డానికని చెప్పి వస్తారు. లాడ్జిలో తలకు కట్టుతో వారం పడుకుని, మీద టోపీ పెట్టుకుని వెళ్లిపోతారు. చలికొండల నుంచి వచ్చినవాణ్ని టోపీ ఎందుకని ఎవడడుగుతాడు? మెట్ల దగ్గర పెద్ద బోర్డు కూడా కట్టారు, 'ప్రతి తలకూ కొత్త పరికరాలు' అని.

క్లినిక్ డాక్టరు వినయ్ ఒకరోజు స్వయంగా కొట్టుకు వచ్చి, చిన్న డబ్బా తెరిచి బల్లమీద పెట్టాడు. లోపల ఆరు ముళ్లలాంటివి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ముళ్లు కావు, గొట్టాలు. నోరు మిల్లీమీటరు కూడా ఉండదు, దాని అంచు చుట్టూ పదును.

"వీటిని పంచ్‌లంటాం ప్రసాద్ గారూ. మోటారు పెన్నుకు బిగించి, తల వెనక ఒత్తుగా ఉన్నచోట ఒక్కో వెంట్రుక చుట్టూ గుండ్రంగా కోస్తాం. కుదుళ్లతో సహా తీసి ముందు నాటుతాం. పదును లేకపోతే కుదురు చితికిపోతుంది. కంపెనీవాడు కొత్తవే పంపుతున్నాడు కానీ సాన సరిగ్గా పట్టట్లేదు. వాడేముందు మీ చెయ్యి పడాలి. ఈ పని చెయ్యగల చెయ్యి ఈ కొండల్లో మీదొక్కటే."

లోకంలో అన్నిటినీ అనుమానించే ప్రసాద్ ఆ చివరి మాటను మాత్రం అనుమానించలేదు. నూనె రాయి తీశాడు. ఒక్కో పంచ్‌ను చూపుడువేలు, బొటనవేలు మధ్య తిప్పుతూ గంటల తరబడి సాన పట్టాడు. ఒక్కో సెట్టు ఒక్క తలకే వాడి పారేస్తామని డాక్టరు చెప్పాడు, ఈయన తలూపాడు. చెయ్యి అలవాటు చొప్పున ఒక్కోదాని కాడమీద ఒక్కో గీత గీసి ఇచ్చేశాడు. అది మొదలు పదిహేను రోజులకో డబ్బా వస్తూ ఉంది. తెచ్చేది సోములమ్మ. దగ్గరి కొండమీది పల్లె మనిషి, నలభై ఏళ్లుంటాయి. క్లినిక్‌లో పరికరాలు కడగడం, సర్దడం ఆవిడ పని. కొన్నాళ్లకు సాన పట్టడం యంత్రంలా సాగిపోయింది, ప్రసాద్ కాడలవైపు చూడడం కూడా మానేశాడు. గీతలు మాత్రం చెయ్యి దానంతటదే గీసేది.

ఇలా ఉండగా రత్న తమ్ముడు రామారావు జుట్టు నాటించుకుంటానన్నాడు. హుకుంపేటలో కిరాణా కొట్టు, ముప్పై ఐదేళ్ల వయసు, బంగారంలాంటి మనిషి. నెత్తిమీద మాత్రం ఏమీ లేదు. మొన్నటి పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆ రోజు నుంచి రామారావు సరుకు తూచేటప్పుడు కూడా టోపీ తీయడు. అంతకుముందు రెండు సంబంధాలు ప్రసాద్ చలవవల్లే పోయాయని రత్న గట్టి అభిప్రాయం. కాబోయే మావగారు ఒకాయన్ని, పొలం పాసుపుస్తకం అసలుదేనా అని ఈయన మొహంమీదే అడిగాడు మరి.

"సోమవారం డేటిచ్చారు బావా. నువ్వేటీ అడ్డు సెప్పకు" అన్నాడు రామారావు.

"నాకెందుకురా? నీ తల నీ ఇష్టం" అన్నాడు ప్రసాద్. నిజంగానే అడ్డు చెప్పలేదు. పైగా, ఆ పంచ్‌లకు పదును పెట్టేది తానే కదా అని లోలోపల ముచ్చటపడ్డాడు.

మంగళవారం సోములమ్మ డబ్బా తెచ్చింది. ఎదురుగా ఇంకో పని లేదు, కిటికీలోంచి ఎండ తిన్నగా పడుతోంది. ప్రసాద్ తీరిగ్గా ఒక పంచ్ తీసి భూతద్దం కిందికి తెచ్చాడు. కాడమీద గీత ఉంది. కొత్త పంచ్‌మీద తన గీత ఎందుకుంటుంది? ఒకటి కాదు, నాలుగు. మిగతావి చూశాడు. ఒకదానికి మూడు, రెండింటికి రెండేసి. ఆఖరి రెండే నున్నగా ఉన్నాయి. నాలుగు గీతలదాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపలికి చూశాడు. గొట్టం గోడకు నల్లగా ఏదో అంటుకుని ఉంది. సన్నటి తీగ పెట్టి గీకితే పొట్టులా రాలింది. పొట్టుతోపాటు పొట్టి వెంట్రుక ముక్క ఒకటి బల్లమీద పడింది.

అప్పటిదాకా చేతులు కడుక్కోవాలని తోచని మనిషి లేచి, సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నాడు.

"సోములమ్మా, ఇవి కొత్తవేనా?"

ఆవిడ వీధివైపు ఒకసారి చూసింది. "కొత్తవేటి బాబూ. అవే తిప్పి తిప్పి వాడతన్నారు. ఆవిరి పట్టే మిషను దసరా కాడినుంచి పాడయిపోనాది. స్పిరిట్టులో పది నిమిసాలు పడేసి తీసేత్తన్నాం. నాను సెప్పినానని అనకండి, నా పని పోద్ది."

"ఒకడికి కామెర్ల రోగముంటే? రక్తంలో ఇంకేదైనా ఉంటే?"

"అదే కదా బాబూ నా బయం. సార్తో అంటే నోర్ముయ్యమన్నాడు."

ఇంకొకడైతే ఆ క్షణాన డబ్బా పట్టుకుని తిన్నగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేవాడు. ప్రసాద్ బుర్ర అలా పనిచేయదు. భయంగానే ఉంది, అయినా ఆ భయం మధ్యలోంచే ఇంకో అనుమానం తల ఎత్తింది. పోయిన వారం డాక్టరు ఈవిణ్ని ఆలస్యంగా వచ్చిందని మెట్లమీద అందరి ముందూ తిట్టాడు. ఆ కక్షతో చెబుతోందేమో? వైద్యం నేర్చుకునేవాళ్లు మేక తోలుమీద చెయ్యి తిప్పుకుంటారట. ఈ వెంట్రుక మేకది ఎందుకు కాకూడదు? రేపు తాను నోరు విప్పాక డాక్టరు కాదంటే, బజారంతా తన అనుమానాన్ని చూసి నవ్వదా?

మధ్యాహ్నం అన్నం దగ్గర రత్నతో చెప్పాడు. ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది.

"మొదలెట్టేశారా? మా గుంటడు పెళ్లి సేసుకుంటే మీకేటి నొప్పి? పొలం అయిపోనాది, ఇప్పుడు జుట్టుమీద పడ్డారు."

"రత్నా, నా కళ్లతో సూశానే. రక్తం ఉంది."

"మీ కళ్లకు అన్నిట్లోనూ ఏదో ఒకటి కనిపిస్తాది. రుజువు తెండి, అప్పుడు నమ్ముతాను."

ఆ మాట ప్రసాద్‌కు బాగా నచ్చింది. అవును, రుజువు కావాలి. సోమవారం దాకా వ్యవధి ఉంది. గురువారం ఎవరో పేషెంటు ఉన్నాడని సోములమ్మ అంది. పంచ్‌లన్నీ శుభ్రంగా తోమి, సాన పట్టి, కాడలమీద ఈసారి అడ్డంగా ఒక గుర్తు పెట్టాడు. బుధవారం డబ్బా ఆవిడ చేతికిస్తూ అన్నాడు.

"గురువారం పని అయ్యాక వీటిని కడక్కు. ఎలా ఉన్నవి అలా తెచ్చి నాకు సూపించు. తడి ఆరకముందే బేగి తే. అప్పుడు డాక్టరు కాదు, వాళ్ల తాత వచ్చినా తప్పించుకోలేడు."

సోములమ్మ డబ్బా అందుకుందిగానీ కదల్లేదు. "మరి ఆ గురువారం మడిసో బాబూ?"

"ఒక్కసారికి ఏటీ అవదులే" అన్నాడు ప్రసాద్. నోటికి వచ్చిన మాట అనేశాడు, అని మళ్లీ గోడ గడియారం విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ డబ్బా కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

గురువారమంతా ఆయన కళ్లు లాడ్జి మెట్లమీదే ఉన్నాయి. డాక్టరు కిటికీ తెర వేస్తే అనుమానం, తీస్తే అనుమానం. టీ పట్టుకెళ్లిన హోటలువాణ్ని పైన ఎవరున్నారని ఆరా తీశాడు. మొహం కిందికి పెట్టి పడుకున్నాడండీ, ఎవరో కనబడలేదని వాడు చెప్పాడు. ప్రసాద్‌కు ఆ రోజు ఒక రకమైన ఉత్సాహం కూడా కలిగింది. ఇన్నేళ్ల అనుమానాల్లో ఒక్కటైనా లోకం ముందు నిజమని తేలబోతోంది.

శుక్రవారం పొద్దున్నే సోములమ్మ వచ్చింది. డబ్బా బల్లమీద పెట్టి తలొంచుకుని నిలబడింది. ప్రసాద్ ఆత్రంగా భూతద్దం బిగించాడు. తన అడ్డగుర్తు స్పష్టంగా ఉంది. గొట్టాల నిండా ముదురెరుపు, డబ్బా మూత బిగిసి ఉండడంతో ఇంకా పూర్తిగా ఆరలేదు. ఇక అనుమానం లేదు. ఇవి మనిషి తలలోకి దిగి వచ్చినవే.

"సూశావా సోములమ్మా! దొరికాడు దొంగ!"

ఆవిడ మొహం ఎత్తలేదు. "నిన్న పడుకున్నది మీ బామ్మర్దిగారే బాబూ."

ప్రసాద్ కంటి భూతద్దం తీసేశాడు. "వాడిది సోమవారం కదే?"

"ముందుగా సేసీమని ఆయనే బతిమాలుకున్నాడు. సోమారం దాకా ఆగితే మా బావ ఏదో ఒక పేచీ పెడతాడు, అక్క ఫోన్లో సెప్పినాది అన్నాడు. నాను డాక్టరు ముందర ఏటీ అనలేకపోనాను. తల కింద పెట్టుకుని ఉన్నాడు, నా మొకం సూడనేదు."

ఆ తర్వాత ఆవిడ ఇంకేమందో ప్రసాద్‌కు వినబడలేదు. భయం వేసింది. దానికంటే ఎక్కువగా సిగ్గువేసింది. డబ్బా మూత పెట్టి జేబులో వేసుకుని, షట్టరు సగం లాగి, తాళం కూడా వేయకుండా రోడ్డు దాటాడు. మెట్లు ఎక్కబోతుంటే రామారావే ఎదురొచ్చాడు. తలకు కట్టు, మీద ఊలు టోపీ, మొహం వెలిగిపోతోంది.

"బావా! తిట్టకు. అయిపోనాది. రెండువేల మొలకలు! ఆర్నెల్లకు సూడు నన్ను."

"పద ఆసుపత్రికి."

"ఏ ఆసుపత్రి? ఇదే కదా?"

"ఏరియా ఆసుపత్రికిరా. ఇప్పుడే. సూది మందులుంటాయి, బేగి వేయించుకోవాలి. గంటలు లెక్కట్రా, పద."

రామారావు నవ్వాడు. "అక్క సెప్పినాదిలే. మళ్లీ అనుమానమా?"

ప్రసాద్ డబ్బా తెరిచి చూపించాడు. "అనుమానం కాదు. ఇవి నాలుగైదు తలలకు వాడినవి. ఉడకబెట్టలేదు, ఆవిరి పట్టలేదు. నాకెలా తెలుసంటే, వీటికి సాన పట్టిందే నేను. మంగళవారమే సూశాను, బుధవారం నేనే పదును పెట్టి ఇచ్చాను."

రామారావు మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. బావ అబద్ధాలాడే మనిషి కాదని అతనికి తెలుసు. అందులోనూ తనమీద తాను ఇంత మాట ఎప్పుడూ చెప్పుకోడు. రోడ్డుమీదికి వచ్చి ఆటో ఆపాడు. పర్యాటకుల జీపులు, వెదురు బుట్టల వాళ్లు అడ్డొస్తుంటే ఆటో నత్తలా నడిచింది. డ్రైవరు వెనుక ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రామారావు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, నలుగురూ చూస్తారన్న ధ్యాస కూడా లేదు.

"మంగళవారమే తెలిసినప్పుడు ఎందుకిచ్చావు బావా?"

"రుజువు కోసంరా. లేకపోతే ఎవులూ నమ్మరని." అన్నాడు ప్రసాద్. "ఆ తల నీదని తెలీదురా. ఒట్టు. తెలిస్తే ఇచ్చేవాణ్నా?"

ఆటో ఆసుపత్రి గేటు ముందు ఆగింది. రామారావు దిగలేదు. బావ వైపు తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

"మరి ఎవులి తలనుకున్నావు?"

ప్రసాద్ అతని చెయ్యి పట్టుకుని కిందికి దింపి, ఓపీ చీటీ రాసేచోటికి తీసుకెళ్లాడు.