బెర్మెత్ చదవని పేరు

మా కొండల జిల్లా నారిన్ టీవీలో సాయంత్రం వార్తలు బెర్మెత్ చదువుతుంది. నిదానమైన గొంతు, తడబాటు ఉండదు. ఒకసారి రాజధాని ఛానెల్ వాళ్లు రమ్మని పిలిచారు. అక్కడ గుర్రాన్ని ఎక్కడ కట్టుకోవాలని అడిగింది. వాళ్లు నవ్వారు, ఆమె వెళ్లలేదు. తెల్లారగానే మామగారి పందెం గుర్రాన్ని నదిగట్టు మీద తిప్పేది ఆమే. స్టూడియోలో బల్ల కింద ఆమె కాళ్లకు స్వారీ బూట్లే ఉంటాయని మేకప్ అమ్మాయి అందరికీ చెబుతుంది.

ఆమె చదవని పేరు ఒకటుంది, కిదిరాలి. అది మామగారి పేరు. కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదు. చాలా ఇళ్లలో ఈ పట్టింపు సడలింది గాని వాళ్ల అత్తగారు సెయిల్‌కాన్ సడలనివ్వలేదు. నీటిపారుదల ఆఫీసులో ఇంకో కిదిరాలి ఉన్నాడు. కాలవల వార్త వచ్చినప్పుడల్లా పక్కన కూర్చునే ఎర్మెక్ అందుకుని చదివేవాడు.

స్వాతంత్య్ర దినం నాటి దూరపు పందెంలో మామగారి గుర్రం మొదటొచ్చింది. ఆ రోజే ఎర్మెక్ తన కొడుకు సున్తీ విందని సెలవు పెట్టాడు.

"ఇది మీరు చదవండి, తిలెక్ అన్నా," అంది బెర్మెత్ ఎడిటర్‌తో.

"నేను చదివితే జనం టీవీ కట్టేసి గొర్రెలకి మేత వేసుకోడానికి పోతారు. ఒక్క పేరే కదమ్మా."

"ఆ ఒక్క పేరుకి మా అత్తగారు ఏడాది మాట్లాడరు."

"అదృష్టవంతురాలివి. మా అత్తగారు ఒక్క పూట కూడా ఆపదు."

వార్తల్లో మూడో బహుమతి, రెండో బహుమతి పేర్లతో, ఊళ్లతో సహా చదివింది. మొదటిది వచ్చేసరికి కాగితం మీంచి కళ్లెత్తి, "మా ఇంటి పెద్దాయన గుర్రానికి" అనేసి వాతావరణ వార్తల్లోకి వెళ్లిపోయింది.

ఆమె ఇంటికొచ్చేసరికి, మామగారు గొర్రెను కోసి విందుకి పిలిచిన వీధి జనం ఇంకా టీవీ ముందే కూర్చుని తింటున్నారు.

"చూశారా," అంది సెయిల్‌కాన్ వాళ్లతో. "జిల్లా అంతా వింటున్నా మా కోడలు హద్దు దాటలేదు."

"మా కోడలు మా ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుంది," అంది పక్కింటి ముసలామె. "కుక్కని మాత్రం కాస్త ముద్దుగా పిలుస్తుంది."

కిదిరాలి అక్కడ లేడు. కొట్టంలో గుర్రం ఒళ్లు రుద్దుతున్నాడు.

"నాన్నా, మాంసం చల్లారిపోతోంది," అంది బెర్మెత్ అక్కడికొచ్చి. అత్తమామల్ని ఆమె అమ్మా, నాన్నా అనే పిలుస్తుంది.

"తింటాలే." ఆయన చెయ్యి ఆపలేదు. "రెండోవాడి పేరు చదివావు. మూడోవాడిది, వాడి తండ్రిది కూడా చదివావు."

"అమ్మ వింటుండగా ఎలా పలకను?"

"మీ అమ్మ పెళ్లయిన నాటి నుంచీ నన్ను 'ఇదిగో' అంటుంది. వీధిలో వాళ్లకి నేను పెద్దాయన్ని. పేరు పెట్టి పిలిచేవాళ్లు మా అన్న ఒకడు, చిన్ననాటి జతగాడు ఒకడు. ఇద్దరూ పోయారు. ఈరోజు వినబడుతుందనుకున్నా. అందుకే వీళ్లందర్నీ పిలిచా." గుర్రాన్ని అటు తిప్పాడు. "నీ తప్పేం లేదులే తల్లీ. పద."

పొద్దున వార్తలంటే సాయంత్రంవే మళ్లీ వేస్తారు. బెర్మెత్ అక్కడే నిలబడి తిలెక్‌కి ఫోన్ చేసింది.

"రేపు పాతది వేయకండి. నేనొచ్చి చదువుతా."

"మీ అత్తగారో?"

"ఆవిడా చూస్తారు."

మర్నాడు చదివింది. "మొదటి బహుమతి, మొల్దాలి కొడుకు కిదిరాలి గుర్రానికి." కాలవల్లో నీళ్లు వదిలారని చెప్పేటప్పటి గొంతే. మొదటిసారి పలుకుతున్న పేరని వినేవాళ్లకి తెలియదు.

ఆమె ఇల్లు చేరేసరికి టీవీలో పిల్లల బొమ్మలు వస్తున్నాయి. కిదిరాలి పండగ కోటు వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

రోజూ టీ పోసేది కోడలే. ఆ పొద్దున కెటిల్ సెయిల్‌కాన్ తీసుకుంది. బెర్మెత్ ముందున్న టీ గిన్నెని అంచుదాకా నింపింది. మా వైపు సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, నిండా పోస్తే తాగి లేచి పొమ్మని అర్థం.

కిదిరాలి తన గిన్నె చాచాడు. "నాకూ నిండా పొయ్యి."

సెయిల్‌కాన్ ఆయనకి సగమే పోసింది.

బెర్మెత్ తన టీ ఆఖరి చుక్కదాకా తాగింది. వేడిగా ఉంది, చాలాసేపు పట్టింది. అంతసేపూ ఎవరూ లేవలేదు.