ఆరిన బొగ్గు

గుమాస్తాగారు ఇస్త్రీకిచ్చిన తెల్లచొక్కా మీద నల్లటి వేలిముద్ర పడింది. అదీ సరిగ్గా గుండెల మీద, ఎవరో ముద్ర కొట్టి రశీదు ఇచ్చినట్టు.

కోడలు చీరచెంగు తడిపి తుడవబోయింది. మరక రెండింతలైంది. పైన కాలుతున్న రేకు, ముందు సెగలు కక్కే ఇస్త్రీపెట్టె. ఆ పెట్టెని ఎత్తీ దించీ అత్త కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే జానెడు పొడుగు సాగిందని వీధిలో చెప్పుకుంటారు. కొలిచినవాళ్లు లేరు. కొలుద్దామంటే ఆ చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. ఇప్పుడది భుజం దాటి పైకి లేవడం లేదు. అందుకని ఎనిమిదో నెల కడుపుతో కోడలే బల్ల దగ్గర నిలబడుతోంది. తొలిచూలు.

అత్త మరకని చూసింది. ఇస్త్రీ చేసేవాళ్లు బొగ్గుని పట్టుకారుతో తప్ప ముట్టుకోరు. కొన్నాళ్లుగా పెట్టెలోంచి దులిపిన బొగ్గులు మాయమవుతుంటే ఆవిడ ఎలుకల్ని అనుమానించింది. బొగ్గు తినే ఎలుకంటూ పుడితే అది మన రేకు కిందే పుడుతుందని కొడుకుతో అంది కూడా.

"ఏదీ, నోరు తెరువు."

"ఎందుకత్తా?"

"పళ్లున్నాయో లేదో చూద్దామని. తెరవవే."

తెరిచింది. పళ్లూ నాలుకా నల్లగా ఉన్నాయి.

"బొగ్గేమిటే, నువ్వేమన్నా రైలింజనువా?"

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే కళ్లు తిరిగాయి. బల్ల పట్టుకుంది.

"ఆకలేస్తోందత్తా. అది కొరికితే కాస్త ఆగుతుంది."

అత్త పిసినారి కాదు. కుండ నిండా వండుతుంది. కోడలి కంచంలో మాత్రం పిల్లికి పెట్టినట్టు ఒక్క గరిటె వేసి మూత పెట్టేస్తుంది. గుడ్డు లేదు, పాలు లేవు, మారు వడ్డన లేదు. లోపల పెరిగిన బిడ్డ బయటికి రాదంటుంది. ఊరికే అనదు. ఆవిడకో కూతురుండేది. తొలిచూలని అడిగిందల్లా వండి, తన చేత్తో ముద్దలు కలిపి పెట్టింది. బిడ్డ బొద్దుగా పెరిగాడు. పెరిగినవాడు అడ్డం తిరిగాడు. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. అప్పటి నుంచి నిండు కంచం చూస్తే అత్త చెయ్యి కుండ మూత వెతుక్కుంటుంది.

పొద్దున ఆసుపత్రిలో నర్సమ్మ కోడలి కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఒంట్లో రక్తం లేదు. లోపల బిడ్డ ఎదగలేదు. కాన్పులో కాస్త రక్తం పోయినా మనిషి నిలవదు. కడుపునిండా పెట్టండమ్మా."

"మా అమ్మాయికి రక్తం బాగానే ఉందన్నారు," అంది అత్త.

నర్సమ్మ తల వంచుకుని తరవాతి మనిషిని పిలిచింది.

మొగుడితో చెప్పుకుందామా అంటే, అతను మూటలు మోసేవాడు. అమ్మ మాటకీ తలూపుతాడు, పెళ్లాం మాటకీ తలూపుతాడు. ఊపీ ఊపీ నెత్తిమీద మూట నిలవడం లేదని తోటివాళ్లు ఏడిపిస్తారు.

అత్త పెట్టెని పక్కకి నెట్టి, కోడల్ని వెనక గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చి తనే నోరు కడిగింది, చంటిపిల్లకి కడిగినట్టు. కంచంలో ఒక్క గరిటె వేసింది. మూత పెట్టింది.

కోడలు కంచం ముట్టుకోలేదు. చెయ్యి చాపి కుండ మూత మీద వేసింది.

"ఇంకో గరిటె వెయ్యత్తా."

"వద్దే."

"వెయ్యకపోతే నేనే పెట్టుకుంటా."

ఇన్నాళ్లలో అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు.

"అదీ ఇలాగే అడిగేది," అంది అత్త. "ఇంకో గరిటె వెయ్యమ్మా అని."

తన చెయ్యి తెచ్చి కోడలి చెయ్యి మీద పెట్టింది. పైకి లేవని ఆ చేతికి కిందికి నొక్కే బలం మాత్రం ఇంకా ఉంది. కోడలు మూతని వదల్లేదు. అత్తా వదల్లేదు. మూత అంచు నుంచి వచ్చే ఆవిరి పలచబడుతోంది. బయట బల్ల మీద ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఒక్కొక్కటే ఆరుతున్నాయి.