ఎవరు చేయించారు?

కంపెనీ పెట్టిన జపాన్ భాష తరగతిలో సూపర్వైజరు తన కింద పనిచేసేవాడి పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. అతన్ని అందరూ బక్కోడంటారు. మనిషి బక్కపలచనే గానీ రేకులు నొక్కే ప్రెస్సు మెషీను మీద చెయ్యి తిరిగినవాడు.

"మనకిష్టం లేని పని ఎవరో మనచేత చేయిస్తారు చూడండి, అది చెప్పడానికి జపాన్ వాళ్ళు క్రియకే ఓ తోక తగిలిస్తారు," అంది టీచరమ్మ. ఆ తోక 'ససెరరెరు'. పలకబోయి అందరికీ నాలుక మడతపడింది. ఆమె తరగతికో పద్ధతుంది: ఒకరు వాక్యం చెబితే, పక్కవాళ్ళు "ఎవరు చేయించారు?" అని అడగాలి.

ఒకాయన చేత వాళ్ళావిడ గిన్నెలు తోమించిందట. ఇంకొకాయన చేత మామగారు సిగరెట్లు మాన్పించాడట. తరగతంతా తెగ జాలిపడిపోయింది.

బక్కోడి వంతొచ్చింది. తడుముకోకుండా చెప్పాడు. "నాచేత నలభై మంది ముందు క్షమాపణ చెప్పించారు."

సూపర్వైజరు తల దించేసుకున్నాడు. కిందటి సోమవారం ఆ మెషీనుకి కొలత తప్పు పెట్టింది తనే. రెండు వందల రేకులు చెత్తలో పడ్డాయి. పై అధికారి రంకెలేస్తే, తప్పు తీసుకెళ్ళి బక్కోడి నెత్తిన రుద్దాడు. మర్నాడు పొద్దున్నే, షిఫ్టుకి ముందు అందరూ వరసకట్టే చోట, అతన్ని ముందుకు పిలిచి మరీ క్షమాపణ చెప్పించాడు. అప్పట్నుంచి అతన్ని ఆ మెషీను ముట్టుకోనివ్వడం లేదు. తరగతిలో మిగతావాళ్ళు వేరే విభాగాల వాళ్ళు. వాళ్ళకు ఈ సంగతి తెలియదు.

"పక్కవాళ్ళు అడగాలి," అని టీచరమ్మ గుర్తుచేసింది.

సూపర్వైజరు ఎలాగో "ఎవరు చేయించారు?" అని గొణిగాడు.

బక్కోడు అతనివైపు చూడలేదు. "చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు," అన్నాడు.

అందరూ నవ్వారు. సూపర్వైజరు ముందు అమ్మయ్య అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయాడు. నలుగురిలో నిలదీసి తిట్టినా ఇంత బాధుండేది కాదు.

తరగతయ్యాక మెట్ల దగ్గర అతన్ని ఆపాడు. "తప్పు నాది. నన్ను క్షమించు."

బక్కోడు వంగి బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు. "నాకు చెప్పడమెందుకు సార్, నాకు తెలిసిందేగా. తెలియంది ఆ నలభై మందికి."

మర్నాడు ఏడింటికి అందరూ వరసకట్టారు. సూపర్వైజరు, ఎవరూ పిలవకుండానే, ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ రోజు కొలత తప్పు పెట్టింది నేను," అన్నాడు.