ఎవరూ పోని కొండ

కడక్ రొట్టె చేయాలంటే ఓపిక కావాలి. సజ్జపిండిని పలచగా తట్టి, సన్నని సెగ మీద కాల్చి, గలగలలాడేదాకా ఆరబెట్టాలి. ధరూరులో సుహాసిని పనులన్నీ పక్కనపెట్టి దీనిమీదే కూర్చుంది. ఎందుకు కూర్చోదు! ఏళ్ల తరబడి ఎదురుచూసింది మరి.

ఆమె భర్త ప్రశాంత్ చైనా సరిహద్దులో ఒక కొండమీద కాపలా కాస్తూ చనిపోయాడు. శవం ఇంటికొచ్చింది, ఊరంతా కదిలొచ్చి సాగనంపింది. కానీ ప్రాణం పోయిన చోట తోటి సిపాయిలు ఒక రాయి నిలిపి, దానిమీద అతని పేరు రాశారు. ఆ రాయిని ఒక్కసారి తాకాలని, అతనికి ఇష్టమైన రొట్టె అక్కడ పెట్టాలని ఆమె కోరిక. ప్రశాంత్‌తో పనిచేసిన వీపనగండ్ల ఊరి గౌస్ పాషా పెద్ద ఆఫీసర్ల చుట్టూ తిరిగి తిరిగి చివరికి అనుమతి తెచ్చాడు.

ఇంతలో రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి. నిన్నటిదాకా పళ్లు నూరుకున్నవాళ్లే చేతులు కలిపారు. టీవీలో నవ్వులే నవ్వులు! ఆ సాయంత్రం గౌస్ పాషా ఫోన్ చేశాడు.

“చెల్లె, జర మనసు గట్టిగ చేస్కో. మనోళ్లు ఎన్కకొచ్చిండ్రు, వాళ్లు గూడ ఎన్కకు పోయిండ్రు. ఆ కొండ నడ్మల పడ్డది. ఇగ ఆడికి ఎవ్వరు పోవద్దని ఒప్పందమైంది.”

“మరి రాయి, అన్నా?”

“ఆడ్నే ఉంది.”

“అంటే, అందరు దిగొచ్చి ఆయన్నొక్కన్నే ఇడిశిపెట్టిండ్రా?”

సుహాసిని ఫోన్ పెట్టేసింది.

ఆమె కళ్లు తుడుచుకునేలోపే కొడుకును అదే సరిహద్దుకు సిపాయిగా పంపిన పక్కింటి పుష్పమ్మ ఉరుక్కుంటూ వచ్చి నోట్లో ఇంత శక్కర్ పోసింది. “నా కొడుకు కొండ దిగిండే సుహాసినీ! సెలవు మీద వస్తుండు!”

శక్కర్ నోట్లో ఉండగానే సుహాసినికి ఒక ఆలోచన వచ్చింది. ఆ కొండకు దారి తెరుచుకోవాలంటే మళ్లీ గొడవ మొదలుకావాలి. ఛీ, పాడు కోరిక! అలాంటిది మనసులో మెదిలినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

సెలవు అయిపోయి పుష్పమ్మ కొడుకు తిరుపతయ్య ఆటో ఎక్కి కూర్చోగానే, సుహాసిని రొట్టెల మూట తెచ్చి ఒళ్లో పెట్టింది.

“ప్రశాంతన్న రాయికాడికి నేను పోలేను వదినా,” అన్నాడు తలదించుకుని.

“నువ్వే తిను. ఆడికి మాత్రం ఎన్నడు పోకు.”

ఆటో వెళ్లిపోయింది. ప్రశాంత్ వంతని ఇంట్లో ఒక రొట్టె ఉంచుకుంది. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుని, చివరికి విరిచి తనే తినసాగింది. ఇంట్లో ఆ కరకర తప్ప మరో చప్పుడు లేదు.