మడ పిట్టల కూర

తన మొగుడు టైటస్ తాగి చచ్చిపోలేదని కరుణాకుమారి ఎంత మొత్తుకున్నా ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమదినాల్లో ఒక పొద్దున అతను పీతల వలలు తీసుకుని మడ అడవి నుంచి వస్తా వస్తా రెండు నీటికాకుల్ని తెచ్చినాడు. కాలవ ఒడ్డున పడున్నాయి, ఒళ్లింకా వెచ్చగానే ఉందన్నాడు. ఉపవాసంలో ఉన్న కరుణ వండిపెట్టింది గానీ తాను ముట్టలేదు. కాసేపటికే టైటస్ నోట నురగ వచ్చింది. సూళ్లూరుపేట ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. పురుగులమందు అన్నాడు డాక్టరు. "మత్తులో ఏ సీసానో ఎత్తిపోసుకునుంటాడు" అని రొయ్యల గుంటల ఆసామి నరేంద్రబాబు ఊరంతా చాటినాడు.

కరుణ మడకు పోయి చూసింది. నరేంద్రబాబు గుంటల గట్టు పక్కన, మడచెట్ల వేళ్ల మధ్య, పొట్టలో పురుగులమందు గుళికలు కూరిన చిన్న చేపలు కనబడినాయి. వాటి చుట్టూ కొంగలు, నీటికాకులు, ఒక గూడబాతు చచ్చి పడున్నాయి. రొయ్యల్ని తింటున్నాయని పిట్టలకు పెట్టిన ఎర అది. పోయి నిలదీస్తే నరేంద్రబాబు నవ్వినాడు.

"ఎవురు పెట్టినారో నాకేం తెలుసు? నేను పెడతంటే చూసినావా?"

చూడలేదు. ఆ నవ్వు మాత్రం ఆమె మర్చిపోలేదు.

టైటస్ పేరున పెట్టిన ఆదరణ కూటానికి, ప్రార్థనకూ భోజనానికీ, తానే పోయి అతన్ని పిలిచింది. పదిమంది మెప్పు కోసం వచ్చినాడు. ప్రార్థన అయినాక పంక్తిలో ముందు కూర్చోబెట్టి, మిగతావాళ్లకు పప్పు పోస్తుండగానే అతనికి కూర వడ్డించింది. విస్తరి సగం ఖాళీ అయ్యేదాకా ఆగింది.

"కూర ఎట్టుందన్నా?"

"బాగుందమ్మా. నాటుకోడేనా?"

"మడ పిట్టలన్నా. మీ గట్టు పక్కన పడుంటే ఏరుకొచ్చినా."

నరేంద్రబాబు గొంతులో వేలు పెట్టుకుని కక్కబోయినాడు. "గుళికలు! ఒరే, కారు తియ్యండ్రా! గుళికలు తిన్న పిట్టల్ని పెట్టింది నాకు!"

పంక్తిలో ఒక్క చెయ్యి కదల్లేదు.

"గుళికలని నీకెట్ట తెలుసన్నా?" కరుణ దారికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడెక్కడ పెట్టినావో చెప్పి పో."

ఏడుస్తా చెప్పినాడు. తూము పక్కన, కాలవ మలుపులో, ఉత్తరం గట్టున. పంక్తిలోనే ఉన్న అటవీశాఖ వాచరు చెంగయ్య అంతా విన్నాడు.

కారు పోయినాక పాస్టరు అడిగినాడు. "ఎంత పని చేసినావమ్మా?"

కరుణ గిన్నెలోంచి ఒక ముక్క తీసి నమిలింది. "నాటుకోడే అయ్యా."

"అయితే ఫోను చేసి చెప్పమ్మా! భయంతో పోతాడు!"

"సూళ్లూరుపేట దాకా అట్టే పోనీండి. మా ఆయన పోయిన దారే గదా."

ఆ మధ్యాహ్నమే చెంగయ్యతో కలిసి ఎరలన్నీ ఏరింది. మర్నాడు నరేంద్రబాబు మీద కేసు కట్టినారు. టైటస్‌ను తాగుబోతని మళ్లీ ఎవరూ అనలేదు.

ఆ మధ్యాహ్నం ఎరలు ఏరేటప్పుడు చెంగయ్య అడిగినాడు. "కసి తీరిందా అక్కా?"

"లేదు" అంది. ఇంకా ఏరని చేపల మీదికి నీటికాకులు గుంపుగా దిగుతున్నాయి. కరుణ బురద గడ్డలు తీసి వాటి మీదికి విసురుతా, గొంతు చించుకుని అరిచింది. "పోండే! ముట్టబాకండి, పోండి!"